దొరికితేనే దాచినట్టు

ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా డబ్బాలు దాచి ఉన్నాయి. దాచినవాళ్లే చిరునామా చెప్పేస్తారు, అయినా వెళ్లి వెతుక్కోవాలి. జియోక్యాషింగ్ అనే ఈ ఆటలో అసలు మజా దాచడంలో ఉందా, వెతకడంలో ఉందా?

2000 మే 3న అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ దగ్గర బీవర్‌క్రీక్ అనే చోట, డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంట్ రోడ్డు వారన చెట్లలోకి వెళ్లి ఓ నల్ల బకెట్ పెట్టి వచ్చాడు. అందులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేర్, ఓ ఉండేలు, ఓ బీన్స్ డబ్బా, వాటితోపాటు ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఉన్నాయి. ఇంటికొచ్చాక, జీపీఎస్ మీద మోజున్నవాళ్లు పోగయ్యే ఇంటర్నెట్ బృందంలో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు రాసేశాడు. వెళ్లండి, వెతకండి, నచ్చింది తీసుకుని బదులుగా ఏదైనా పెట్టండి, పుస్తకంలో పేరు రాయండి. షరతులు అంతే.

సరిగ్గా ఆ వారమే ఎందుకంటే, అప్పటిదాకా జీపీఎస్ ఉపగ్రహాలు సైన్యానికి ఒక లెక్క, జనానికి ఇంకో లెక్క చెప్పేవి. మామూలు జనం అందుకునే సంకేతంలో అమెరికా ప్రభుత్వం కావాలనే తప్పు కలిపేది. పరికరం చూపించే చోటుకీ మనం నిలబడ్డ చోటుకీ 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 1న క్లింటన్ ప్రభుత్వం ఒక ప్రకటన చేసి, ఆ అర్ధరాత్రి నుంచే ఆ కల్తీ ఆపేసింది. తేడా 10, 20 మీటర్లకు దిగింది. ఒక బకెట్‌ని చూపించి ‘ఇదిగో ఇక్కడే’ అని చెప్పగలిగే రోజు వచ్చిందన్నమాట. అది నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాడు ఉల్మర్.

మూడు రోజుల్లో ఇద్దరు దాన్ని కనిపెట్టారు. అందరికంటే ముందు వెళ్లినవాడు మైక్ టీగ్. తర్వాత ఎక్కడెక్కడ ఎవరెవరు ఏం దాస్తున్నారో జాబితా రాసే పని కూడా అతనే నెత్తిన వేసుకున్నాడు. ఆ నెలాఖరున మాట్ స్టమ్ అనే ఆయన ఈ ఆటకు ‘జియోక్యాషింగ్’ అని పేరు పెట్టాడు. సెప్టెంబరు 2న సియాటెల్‌లో జెరెమీ ఐరిష్ అనే వెబ్ డెవలపర్ దీనికో వెబ్‌సైట్ తెరిచేనాటికి ప్రపంచం మొత్తం మీద లెక్కకు వచ్చిన డబ్బాలు 75.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు అందరూ ఉల్మర్ పేరుతోనే మొదలుపెడతారు. అది న్యాయమే. కానీ ఆ రోజు టీగ్ బయల్దేరకపోయుంటే ఆ బకెట్ ఏమయ్యేది? అడవిలో ఎవరో పారేసిన చెత్త అయ్యేది. బీన్స్ డబ్బా బీన్స్ డబ్బాగానే తుప్పు పట్టేది. దాన్ని ఇప్పటికీ ఈ ఆటగాళ్ల సమావేశాల్లో అపురూపంగా చూపించుకుంటున్నారంటే, ఆ పుణ్యంలో సగం వెతికినవాడిది.

అల్లుడి లెక్క

మా అమ్మాయి వాళ్లు సియాటెల్ శివార్లలో ఉంటారు. ఐరిష్ పెట్టిన కంపెనీ ఇప్పటికీ ఆ ఊళ్లోనే, ఫ్రీమాంట్ అనే పేటలో ఉంది. దేశదేశాల నుంచి ఆటగాళ్లు దాన్ని చూడ్డానికి వస్తుంటారు. మా వాళ్ల ఇంట్లో ఇద్దరికీ ఈ పిచ్చి ఉంది కానీ ఇద్దరిదీ ఒకే పిచ్చి కాదు. అల్లుడు వెతుకుతాడు, అమ్మాయి దాస్తుంది. ఈ వ్యాసానికి మూలం ఆ ఇంట్లో అన్నాల దగ్గర జరిగే వాదనలే.

ఓ సాయంత్రం కూరగాయల కోసం సూపర్ మార్కెట్‌కి వెళ్లాం. అల్లుడు కారు తీసుకెళ్లి పార్కింగ్ స్థలంలో ఆ చివర, జనం లేని మూల ఆపాడు.

“దగ్గర్లోనే ఖాళీ ఉంది కదా బాబూ, ఇంత దూరం ఎందుకు ఆపారు?” అన్నాను.

“ఒక్క నిమిషం అత్తయ్యగారూ,” అని దిగి, అటూ ఇటూ చూసి, దీపస్తంభం దగ్గర వంగాడు. ఆ స్తంభాలకు అడుగున బోల్టులు కనబడకుండా చతురస్రంగా ఒక రేకు తొడుగు ఉంటుంది. దాన్ని రెండు చేతులతో పైకి జరిపాడు. పార్కింగ్ అంతా వినబడేలా కిర్రుమంది. నా గుండె ఆగినంత పనైంది. పరాయి దేశంలో కరెంటు స్తంభం విప్పుతున్నాడు, పైగా నేను పక్కనే ఉన్నాను! లోపల బోల్టు పక్కన, మన చిన్నప్పుడు కెమెరా రీలు వచ్చేదే, ఆ నల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది. మూత తీస్తే వేలెడంత కాగితం చుట్ట. దాని మీద వరసగా ఎవరెవరివో పొట్టి సంతకాలు, తేదీలు. తన సంతకం పెట్టి, చుట్ట చుట్టి, మూత బిగించి, తొడుగు దించేశాడు. ఫోన్‌లో మ్యాపు మీద ఆ చోట ఒక నవ్వు ముఖం ప్రత్యక్షమైంది.

“అయిపోయిందా?”

“అయిపోయిందండీ.”

“దీన్లో ఏముంది బాబూ?”

కాస్త ఆలోచించాడు. “ఇక్కడ రోజూ ఇన్ని వందల కార్లు ఆగుతాయి కదండీ. ఇక్కడిదొకటి ఉందని వాళ్లెవరికీ తెలీదు.”

ఆ జవాబు నాకు నచ్చింది. విషయం తెలియని బయటివాళ్లను ఈ ఆటగాళ్లు హ్యారీ పోటర్ కథల్లోంచి తెచ్చుకుని ‘మగుల్స్’ అంటారు. ఆ క్షణం దాకా నేనూ మగుల్‌నే. ఆ తర్వాత ఆ ఊళ్లో ఏ దీపస్తంభం కనిపించినా నా చూపు దాని కాళ్ల మీదికే పోయేది.

అయితే దీపస్తంభం కింది డబ్బా ఈ ఆటలో ఒకటో తరగతి. వెతకడంలో రుచి తెలియాలంటే అడవిలోకి వెళ్లాలి. జీపీఎస్ మిమ్మల్ని దాదాపు చోటుకు తీసుకొచ్చి అక్కడ చేతులెత్తేస్తుంది. బాణం ఓసారి ముందుకు, ఓసారి వెనక్కు చూపిస్తూ ఊగిసలాడుతుంది. ఇక ఫోన్ జేబులో పెట్టుకుని కళ్లతో వెతకాల్సిందే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని సంతంతా వెతకడం అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. చేయి ఆన్చి నిలబడ్డ కంచె స్తంభానికే ఉంటుంది అది, బోల్టు తలకాయ వేషంలో, అయస్కాంతంతో అతుక్కుని. అన్ని బోల్టులూ తుప్పు పట్టి ఇదొక్కటే ఎందుకు పట్టలేదన్న అనుమానం రావాలి. ఒక రాయి చేతిలోకి తీసుకుంటే బరువుండదు. ఒక చోట నాచు మరీ అందంగా సర్దినట్టుంటుంది. కొన్ని డబ్బాలు చిటికెన వేలి గోరంత ఉంటాయి. అందులోంచి కాగితం తియ్యడం తేలికే, మళ్లీ అంత సన్నగా చుట్టి లోపల పెట్టడానికి మాత్రం వేళ్లు సరిపోవు, ఓపికా సరిపోదు.

కనబడిన ఆ క్షణం గురించి అల్లుడు చెప్పేది ఒకటే. వస్తువు అక్కడికి కొత్తగా రాలేదు, అప్పటిదాకా కళ్ల ముందే ఉంది, మారింది తన చూపు. అందుకే దొరికాక అది అంత తేలిగ్గా కనబడుతుంది. రెండు నిమిషాల క్రితం దాన్ని చూడలేకపోయామంటే మనమే నమ్మం.

ఈ రుచి మరిగినవాళ్లు ఎంతకైనా తెగిస్తారు. కొత్త డబ్బా వెలిసిందని ఫోన్‌కి కబురు రాగానే, మొదటి సంతకం తనదే కావాలని అర్ధరాత్రి తలకు లైటు కట్టుకుని వానలో బయల్దేరేవాళ్లున్నారు. లెక్క పెంచుకోవడమే ధ్యేయంగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. లక్ష దాటినవాళ్లు కూడా ఉన్నారంటే నమ్మాలి. నెవాడా ఎడారిలో గ్రహాంతరవాసుల పేరు పెట్టిన హైవే ఒకటుంది. దాని పొడుగునా, ఒకదానికొకటి 161 మీటర్ల చొప్పున వెయ్యికి పైగా రీలు డబ్బాలు వరసగా పెట్టారు. ఒకరు కారు నడపడం, ఒకరు దిగి తియ్యడం, ఒకరు సంతకం. అందులోనూ ఓ కిటుకుంది. మొదటి చోట డబ్బా తీసుకుని కార్లో సంతకం పెడుతూ, రెండో చోట దాన్ని పెట్టేసి అక్కడిది తీసుకుంటారు. అలా ఒక్కో డబ్బా ఒక్కో మజిలీ ముందుకు జరుగుతూ పోతుంది. టైము కలిసొస్తుందట. ఇక్కడ దాచినవాడూ లేడు, వెతికినవాడూ లేడు, అంకె ఒకటే మిగిలింది. అల్లుడికి ఈ మాట చెబితే ఒప్పుకోలేదు. అది ఒకసారి చేసి తీరాల్సిన యాత్ర అన్నాడు.

అమ్మాయి పట్టుదల

“వెతికేవాడికి ఏం పనమ్మా, వెళ్తాడు, చూస్తాడు, వచ్చేస్తాడు,” అంటుంది మా అమ్మాయి. దాచేవాళ్ల పని చూశాక ఆ మాటలో పొగరు కొంత ఉన్నా నిజమూ ఉందనిపించింది.

తనతో పాటు ఓ పార్కులోకి వెళ్లాను. పార్కు అంటే మన మునిసిపల్ పార్కులు కాదు, చిన్నసైజు అడవే. నడుం ఎత్తు ఫెర్న్ మొక్కలు, చెట్ల కాండాలకు అరచేతి మందాన నాచు, ఆకాశం కనబడనంత ఎత్తున సెడార్ చెట్లు. మధ్యమధ్య నూరేళ్ల కిందట నరికిన మహా వృక్షాల మొద్దులు మనిషికంటే ఎత్తుగా నిలబడి ఉంటాయి. వాటికి రెండు పక్కలా గంట్లు ఉంటాయి. మొదలు దగ్గర చెట్టు మరీ లావుగా ఉంటుంది కాబట్టి, పైకెక్కి నరకడానికి ఆ గంట్లలో చెక్కలు దూర్చి వాటి మీద నిలబడేవారట కూలీలు. అమ్మాయి అలాంటి ఓ గంటులో చెయ్యి పెట్టి చూసింది. లోపల పొడిగా, ఒక డబ్బాకి సరిగ్గా సరిపోయేంత చోటుంది. పైన నాచు కప్పితే బ్రహ్మకైనా తెలియదు.

“పెట్టెయ్యి,” అన్నాను.

“అంత తొందరేంటమ్మా,” అని ఫోన్‌లో అక్షాంశాలు తీసుకుంది. కొంత దూరం నడిచి వెళ్లి, మళ్లీ వేరే దారిలో వచ్చి ఇంకోసారి తీసుకుంది. అలా నాలుగు దిక్కుల నుంచీ వచ్చింది. పెద్ద చెట్ల కింద సంకేతాలు కొమ్మలకీ కాండాలకీ తగిలి పక్కకు మళ్లుతాయి. ఒక్క లెక్కను నమ్మి పెడితే వెతికేవాడు పది గజాల అవతల పొదల్లో ముళ్లతో కుస్తీ పట్టాల్సొస్తుంది, ఆ తిట్లు దాచినవాళ్లకే తగులుతాయి. పార్కు వాళ్ల అనుమతి తీసుకోవాలి. నేల తవ్వకూడదు. బతికున్న చెట్టుకు మేకు కొట్టకూడదు. తిండి పదార్థాలు పెట్టకూడదు. ఉల్మర్ పెట్టిన బీన్స్ డబ్బాకి ఇవాళ అనుమతి దొరకదు. ఎంత కష్టమైనదో, దారి ఎంత కఠినమో ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలు వెయ్యాలి. ఒక చిన్న క్లూ రాయాలి. ఆ క్లూ తెరమీద గజిబిజి అక్షరాల్లో కనబడుతుంది. ఇంగ్లిషు అక్షరమాలలో ఏ బదులు ఎన్, బి బదులు ఓ, అలా 13 అక్షరాలు జరిపి రాస్తారు. చూడాలనుకున్నవాడు చూడొచ్చు, పొరపాటున కన్ను పడకుండా మాత్రం ఉంటుంది. ఎంత మర్యాదైన ఏర్పాటో చూడండి!

ఇవన్నీ పూర్తిచేసి పంపితే, జీతం లేకుండా సేవ చేసే సమీక్షకుడొకరు పరిశీలిస్తారు. మా అమ్మాయిది తిప్పి పంపారు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలన్నది నియమం. మ్యాపులో చూస్తే ఆ చుట్టుపక్కల ఏమీ లేదు. కానీ పజిల్ విప్పితే తప్ప చిరునామా తెలియని డబ్బాలు కొన్ని ఉంటాయి. అలాంటిదొకటి ఎక్కడో దగ్గర్లోనే దాక్కుని ఉందన్నమాట. ఎక్కడో సమీక్షకుడు చెప్పడు, చెప్పకూడదు. దాచడానికి వెళ్లినామెకు అక్కడ ఇంకెవరో దాచింది అడ్డం పడింది. అక్కడ పెట్టలేదు కాబట్టే ఆ మొద్దు గురించి ఇంత వివరంగా రాస్తున్నాను. తర్వాత పెట్టిన చోటు చెప్పానంటే మళ్లీ ఆ గడప తొక్కలేను.

దాచడం కష్టమనుకున్నాను కానీ దాచాక ఎదురుచూడ్డం అంతకంటే కష్టం. ఎవరు డబ్బా తీసినా నాలుగు ముక్కలు రాస్తారు, అవి దాచినవాళ్ల ఫోన్‌కి వస్తాయి. ‘డబ్బాకి థాంక్స్’ అనే ఇంగ్లిషు మాటలకు పొడి అక్షరాలు ‘టీ ఎఫ్ టీ సీ’. కొందరు ఆ నాలుగక్షరాలే పడేసి పోతారు. అది చదివినప్పుడు మా అమ్మాయి ముఖం చూడాలి! పెళ్లి భోజనం వడ్డిస్తే తిని చెయ్యి కడుక్కుని మాట్లాడకుండా వెళ్లిపోయిన చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది ఫోన్ వంక. అదే ఎవరైనా, పిల్లలతో వచ్చాం, చిన్నది ముందు చూసింది, గుడ్లగూబ అరిచింది అని పది వాక్యాలు రాస్తే ఆ పూటంతా ఇంట్లో పండగే. 2010 చివర్లో ఇంకో ఏర్పాటు చేశారు. చందా కట్టిన ఆటగాడికి పది డబ్బాలు కనిపెడితే ఒక మెప్పు చుక్క వస్తుంది. అది తనకు నచ్చిన ఏ డబ్బాకైనా ఇవ్వొచ్చు. పదింట ఒకటే ఇవ్వగలడు కాబట్టి అది పొందడం దాచినవాళ్లకు పెద్ద గౌరవం.

ఇక ‘దొరకలేదు’ అని రాసేవాళ్ల సంగతి. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇదే. మొదటిసారి ఎవరైనా దొరకలేదని రాస్తే మా అమ్మాయి పైకి అయ్యో అంటుంది, లోపల మురిసిపోతుంది. రెండో మనిషి కూడా అదే రాస్తే మురిపెం తగ్గి ముఖంలో చిన్న గీత పడుతుంది. మూడోది వచ్చిందంటే గోడకున్న రెయిన్ కోటు అందుకుంటుంది. ఉందా, పోయిందా? ఉడత లాక్కెళ్లిందా, కుర్రాళ్లెవరైనా విసిరేశారా, వానకి కాగితం ముద్దయిందా? వెళ్లి చూస్తే డబ్బా పెట్టినచోటే, పెట్టినట్టే ఉంటుంది. ఇంటికొచ్చాక కూడా ఊరట ఉండదు. మరీ కష్టంగా పెట్టానా అని ఇంకో బెంగ మొదలవుతుంది.

ఎవరికీ దొరక్కుండా దాచడం చేతకాని పనేమీ కాదు. సముద్రంలో పారేస్తే సరి. దొరకనంతసేపు దొరక్కుండా ఉండి, చివరికి దొరకాలి. దొరికాక ‘అరె, నాకెందుకు తట్టలేదు’ అనిపించాలి. అంటే దాచేమనిషి తన తల పక్కన పెట్టి ముక్కూమొహం తెలియని ఇంకో మనిషి తలతో ఆలోచించాలి. అతను ముందు ఎక్కడ వంగుతాడు, ఏది ఎత్తి చూస్తాడు, ఎప్పుడు విసుగెత్తి వెనక్కి తిరుగుతాడు, తిరిగే ముందు ఏది కంటబడితే ఆగుతాడు. వెతికేవాడి సంతోషం అతని సొంతం, డబ్బా దొరికితే చాలు, దాచింది ఎవరన్నది అతనికి పట్టకపోయినా నడుస్తుంది. దాచినమనిషి సంతోషం మాత్రం పూర్తిగా పరాధీనం. అందుకే నా ఓటు అమ్మాయికి. అల్లుడు నొచ్చుకున్నా సరే.

కుందేలు, గుడ్లగూబ, పెట్టె

ఈ ఆటకి ముందే ఇలాంటి వెర్రి ఉంది. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ అనే బీడు కొండల్లో 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు, బురద నేలలు దాటితే గాని చేరలేని క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఓ సీసా పెట్టాడు. అక్కడిదాకా వచ్చినవాళ్లు తమ పేరున్న కార్డు అందులో వేసి వెళ్లేవారు. ఆ సీసా నుంచి లెటర్‌బాక్సింగ్ అనే ఆట పుట్టింది. జియోక్యాషింగ్‌కు అది తాత వరస.

దాచినవాళ్ల మనసు తెలియాలంటే మాత్రం కిట్ విలియమ్స్ కథ చెప్పుకోవాలి. ఈ ఆంగ్ల చిత్రకారుడు 18 క్యారట్ల బంగారంతో కుందేలు బొమ్మ చేశాడు. లోహాన్ని పసిగట్టే యంత్రాలకు చిక్కకుండా దాన్ని మట్టి పెట్టెలో పెట్టి, 1979 ఆగస్టులో ఆంప్ట్‌హిల్ అనే ఊరి పార్కులో పాతిపెట్టాడు. చోటు తెలిపే చిక్కుముడిని ‘మాస్కరేడ్’ అనే బొమ్మల పుస్తకంలో దాచాడు. ప్రతి బొమ్మలోనూ ప్రాణుల కళ్ల నుంచి వేళ్ల కొసల మీదుగా గీత గీస్తే అంచు మీద ఒక్కో అక్షరం తగులుతుంది. అవన్నీ కూడితే, విషువత్తు నాటి మధ్యాహ్నం అక్కడున్న రాణి కేథరిన్ స్మారక స్తంభం నీడ కొస ఎక్కడ పడుతుందో అక్కడ తవ్వమని తేలుతుంది. పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. జనం ఇంగ్లండు అంతా గోతులు తవ్వారు.

1982లో కెన్ థామస్ అనే పేరుతో ఒకాయన గీసి పంపిన పటం సరిపోయింది. కుందేలు ఆయనకే దక్కింది. కానీ ఆయన చెప్పే తీరు చూస్తే చిక్కుముడి విప్పి వచ్చినవాడిలా లేడు. ఆ కొద్ది రోజుల్లోనే మైక్ బార్కర్, జాన్ రూసో అనే ఇద్దరు భౌతికశాస్త్రం ఉపాధ్యాయుల ఉత్తరం వచ్చింది. వాళ్లు గీతలు గీసి, నీడ కొలిచి, విలియమ్స్ అనుకున్న దారినే అడుగు తప్పకుండా వచ్చారు. తవ్వారు కూడా, కానీ అంతదాకా వచ్చి చేతికి తగిలించుకోలేకపోయారు. ఆరేళ్లకు, 1988లో, సండే టైమ్స్ పత్రిక అసలు సంగతి బయటపెట్టింది. థామస్ అన్నది మారుపేరు. అతని వ్యాపార భాగస్వామికి పరిచయమున్న ఒకావిడ గతంలో విలియమ్స్‌తో కలిసి బతికింది, ఆ చోటు ఆవిడకు ఉజ్జాయింపుగా తెలుసు.

బంగారం ఎవరికి పోయిందన్నది ఇందులో నాకు పెద్ద విషయం అనిపించదు. బొమ్మ బొమ్మకీ అన్ని గీతలు ఒదిగించి మూడేళ్లు కూర్చున్న మనిషికి, ఆ గీతలు చదివి ఎవరో వస్తారన్న ఆశ. వచ్చినవాడు పక్క సందులోంచి వచ్చాడు. దొరకడం ఒకటే చాలదు, తను వేసిన దారిలో దొరకాలని దాచినవాడి కోరిక.

ఫ్రాన్సులో ఇంకో కథ. 1993లో మాక్స్ వాలెంటిన్ అనే మారుపేరుతో రెజిస్ హోజర్ 11 పొడుపు కథల పుస్తకం వేసి, నేలలో ఒక కంచు గుడ్లగూబను పాతాడు. దాన్ని తెచ్చినవాడికి బంగారం, వెండి, వజ్రాలు పొదిగిన అసలు గుడ్లగూబ దక్కుతుంది. ఇంటర్నెట్‌కి ముందు ఆ దేశంలో మినిటెల్ అని టెలిఫోన్ తీగ మీద నడిచే చిన్న తెర ఉండేది. వెతికేవాళ్ల ప్రశ్నలకు హోజర్ ఏళ్ల తరబడి ఆ తెర మీదే జవాబులిచ్చాడు. చెప్పీ చెప్పనట్టు, ఊరిస్తూ. 2009లో ఆయన పోయాడు, గుడ్లగూబ మట్టిలోనే ఉంది. 2024 అక్టోబరులో గాని దొరికినట్టు ప్రకటన రాలేదు. 31 ఏళ్లకి వెతికినవాళ్లు గెలిచారు, శభాష్ అనాల్సిన మనిషి లేడు.

న్యూ మెక్సికోకి చెందిన కళాఖండాల వ్యాపారి ఫారెస్ట్ ఫెన్ దాచిన పెట్టె సంగతి వేరు. 2010లో పద్యంలో క్లూలు ఇచ్చి రాకీ పర్వతాల్లో ఎక్కడో ఉందన్నాడు. దాన్ని వెతుకుతూ అయిదుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆట ఆపెయ్యమని పోలీసులు మొరపెట్టుకున్నా ఆయన ఆపలేదు. 2020 జూన్‌లో దొరికిందన్నారు, సెప్టెంబరులో ఆయన కన్నుమూశాడు. ఆ పద్యం మీద ఎంత మెచ్చుకోలు ఉన్నా ఈ దాపరికాన్ని మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు. మా అమ్మాయి మూడో ‘దొరకలేదు’కే రెయిన్ కోటు వేసుకుంటుంది.

పాము కాపలా

ఇదంతా మన దగ్గర ఎందుకు అంతగా లేదని అడిగేవాళ్లుంటారు. ఇండియాలో డబ్బాలు ఉన్నాయి, కానీ ఇంత దేశానికి అవి ఏ మూలకీ రావు. కారణాలు తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఏ రాయలసీమ పల్లె శివార్లలోనో పాత గుడి వెనక, రాళ్ల మధ్య ఫోన్ పట్టుకుని వంగి వంగి వెతికి చూడండి. పావుగంటలో ఊరు ఊరంతా మీ చుట్టూ ఉంటుంది, అరగంటలో స్టేషన్లో ఉంటారు. గుప్తనిధుల కోసం గుళ్లు, కోటలు తవ్వేవాళ్ల వార్త లేకుండా మన జిల్లా పేజీలకు ఎన్ని వారాలు గడుస్తాయి? 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాచి ఉన్న సొత్తు 10 రూపాయల విలువ మించితే దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. మన ఊహలో నిధి దాచినవాడు ఎప్పుడో పోయిన రాజో, జమీందారో. పైగా అతను దొరకాలని దాచలేదు. పామును కాపలా పెట్టాడు, శాపం పెట్టాడు. దాచినవాడే రా రమ్మని దారి చెప్పడం మన కథలకు కొత్త.

రెండోది నవ్వులాట కాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన హైదరాబాద్‌లో, జనం తిరిగేచోట ఒకడు అటూ ఇటూ చూసి డబ్బా పెట్టి పోతే దాన్ని ఆట అనుకునే ఓపిక ఎవరికుంటుంది? అంతమాటకొస్తే ఇంగ్లండులోనే 2011లో వెదర్‌బీ అనే ఊళ్లో ఓ కాఫీ హోటల్ బయట పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను చూసి హడలిపోయి, సైన్యాన్ని పిలిచి పేల్చేశారు. తర్వాత తేలింది అది జియోక్యాష్ అని.

డబ్బా అక్కర్లేని రకం ఒకటుంది, మనకు నప్పేది అదే. అమెరికా భూగర్భశాస్త్ర సంఘం 2004లో మొదలుపెట్టిన ఎర్త్‌క్యాష్. ఒక చోటుకు రమ్మంటారు, అక్కడి రాళ్లనూ పొరలనూ చూస్తే తప్ప చెప్పలేని ప్రశ్నలు అడుగుతారు, జవాబులు పంపితే దొరికినట్టే. దీనికి తిరుమల శిలాతోరణం కంటే, భీమిలి ఎర్రమట్టి దిబ్బల కంటే మంచి చోట్లు ఉంటాయా? దిబ్బల్లోకి వందల మంది వెళ్తారు, ఫోటోలు దిగుతారు, వస్తారు. ఆ ఎరుపు ఎక్కడ ముదురుతుంది, ఎక్కడ పసుపులోకి తిరుగుతుంది అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి, అప్పుడు తల పైకెత్తి గోడల వంక చూస్తారు. ఇక్కడ దాచింది ప్రకృతి. ప్రశ్న అడిగినవాళ్లు చూపు తిప్పుతారు, అంతే. మా అమ్మాయి మాత్రం పెదవి విరిచింది. “పోయిందేమోనని బెంగ లేని డబ్బా ఏం డబ్బా అమ్మా,” అంది.

ఆ బెంగ నేనూ తెచ్చుకున్నాను. వచ్చేసే ముందు నాకు ఒక డబ్బా దాచాలనిపించింది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు పెట్టడానికి వీల్లేదని నియమాలు చెబుతాయి. తడిస్తే కాగితం మార్చేది ఎవరు, పోతే మళ్లీ పెట్టేది ఎవరు? కాబట్టి పేరు అమ్మాయిది, చోటు నాది, క్లూ నాది. అల్లుడికి చెప్పకూడదని ఇద్దరం ఒట్టేసుకున్నాం.

ఇప్పటికి దొరకలేదని రాసినవాళ్లు ముగ్గురయ్యారు. మూడోది మా అల్లుడిదే, ఇంగ్లిషులో రాసినా అందులో ఉక్రోషం స్వచ్ఛమైన తెలుగుది. అమ్మాయి వెళ్లి చూసొచ్చింది, ఉన్నచోటే ఉందట. క్లూ కాస్త మార్చమంటావా అని అడిగింది, వద్దన్నాను. నిన్న రాత్రి అల్లుడు నేరుగా ఫోన్ చేశాడు.

“అత్తయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. నేల మీదా, తల మీదా?”

“భోజనాలయ్యాయా బాబూ?” అన్నాను.